భీమ్లా డ్యూటీ దిగిన దవాళి

రూప్లితో వాదన పెట్టుకుని గెలిచినవాళ్లు మణుగూరు చుట్టుపక్కల లేరు. గెలిచామని చెప్పుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు గానీ, ఆ మాట ఆమె వినేంత దగ్గరలో అనరు. మనిషి చూడబోతే పొట్టి. గొంతు మాత్రం ఆ పొట్టి మనిషిది అనిపించదు. ఆ గొంతుతోనే బొగ్గుబాయి ల్యాంపు రూములో ఉద్యోగమంతా చేసి, అరవై దాటాక రిటైరై, ఇప్పుడు అడవి అంచున బోడుగుట్ట తండాలో పత్తి చేను చూసుకుంటోంది.

ల్యాంపు రూము అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. భూమి కిందికి దిగే ప్రతి మనిషీ తలకు పెట్టుకునే లైటును ఆ రూము కిటికీ దగ్గర తీసుకుంటాడు. పని ముగిసి పైకి వచ్చాక అదే కిటికీలో తిరిగి ఇస్తాడు. ఏ లైటు ఖానా, అంటే గూడు, దానికే ఉంటుంది. అందరూ పైకి వచ్చే వేళకు ఏదైనా ఖానా ఖాళీగా ఉందంటే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అంతే, పెద్ద విద్యేం కాదు. కానీ ఆ ఖాళీ ఖానాను చూసి కూడా టీ తాగడానికి పోగలిగినవాళ్లు ఆ కుర్చీకి పనికిరారు.

రూప్లి పోయేది కాదు. ఒకసారి కొత్తగా చేరిన వర్కరు ఒకడు నడుముకు లైటు బ్యాటరీ కట్టుకునే క్యాంటీనుకు వెళ్లి మిర్చి బజ్జీలు తింటూ కూర్చున్నాడు. ఆమె తిన్నగా క్యాంటీన్లోకే వెళ్లి నలుగురిలో వాడి ముందు నిలబడింది.

“నువ్వు కింద సచ్చి పడున్నవేమోనని నేను మనుషులను దింపబోతున్న. నీకు బజ్జీ ఎట్ల దిగుతున్నదిరా?”

వాడు బజ్జీ పక్కన పెట్టి లైటు విప్పి ఇచ్చాడు. అది చేతికి రాగానే రూప్లి కోపం దిగిపోయింది. ఎవరికైనా, ఎప్పుడైనా అనే మాటే వాడికీ అంది. “ముట్టింది. పో ఇంటికి.” మేనేజరు దిగి వచ్చినా అదే మాట. ఆ మాట చెవిన పడకపోతే డ్యూటీ దిగినట్టే ఉండదని ముసలి కార్మికులు అనేవారు.

ఇన్ని లైట్లు తీసుకున్న రూప్లికి ఒక్క లైటు మాత్రం చాలాకాలం ముట్టలేదు. అది పట్టుకుపోయిన మనిషి ఆమె పుట్టకముందే పోయాడు. ఆయన పేరు భీమ్లా. రూప్లి భర్తకు తాత.

రూప్లి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఆమెను ముందుగా పలకరించింది అత్త కాదు, భర్త రూప్‌సింగ్ నానమ్మ లాలి. ఆ ఇంట్లో మాటలన్నీ లంబాడీ భాషలోనే నడుస్తాయి. అందరికీ అందాలి కాబట్టి ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం. లాలికి తల నెరిసింది, పళ్లు కదిలాయి, అయినా చెంపల పక్కన జుట్టుకు వెండి ఘుగ్రీలు వేలాడుతూనే ఉన్నాయి. లంబాడీ ఆడది పెళ్లికి పెట్టుకున్న ఘుగ్రీలను భర్త బతికున్నంత కాలం తీయదు, భర్త పోయిన రోజున తీస్తుంది. కొత్త కోడలు ఇల్లంతా చూసింది, వాకిలి చూసింది. ముసలాయన ఎక్కడా కనిపించలేదు.

“దాదా ఏడీ?” అని అడిగింది. వాళ్ల భాషలో దాదా అంటే తాత, దాదీ అంటే నానమ్మ.

“లడాయికి పోయిండు,” అంది లాలి, సంతకు పోయాడన్నంత మామూలుగా.

పోయింది రెండో ప్రపంచ యుద్ధానికి. తుపాకీ పట్టుకుని కాదు, గొడ్డలి పట్టుకుని. అస్సాం అవతల బర్మా కొండల్లో సైన్యాలకు దారి వేయాలి, చెట్లు కొట్టే కూలీలు కావాలి అంటూ ఒక మేస్త్రి ఈ అడవి తండాలన్నీ తిరిగాడు. భీమ్లాకు అప్పటికి పెళ్లయి ఒక కొడుకు. తిండి పెడతాం, కంబళి ఇస్తాం, వానలు పడేలోపు ఇంటికి పంపిస్తాం అన్నారు. బోడుగుట్ట నుంచి భీమ్లా, అతని స్నేహితుడు ఒకడు కలిసి నడిచి వెళ్లి రైలెక్కారు. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో ఆ ఇద్దరికీ తెలియదు. చెప్పినవాడూ లేడు. స్నేహితుడు తిరిగొచ్చాడు గానీ భీమ్లా రాలేదు.

వచ్చినాయన లాలి గుడిసె ముందు తల వంచుకుని నిలబడ్డాడట.

“వానలల్ల జ్వరాలొచ్చినయి. చెట్లు కొట్టనీకి ముంగటికి పోయిండు. మల్ల రాలే.”

“పీనుగను చూసినవా?”

“చూడలే.”

“అయితే ఉన్నడు,” అని లాలి లోపలికి వెళ్లిపోయింది.

ఘుగ్రీలు తీయలేదు. తీయమని ఎవరంటారు? అది భార్య చేతుల పని. ఆమె తీయనంత వరకు భర్త బతికున్నట్టే తండా కట్టుబాటు. పంతమో ప్రేమో గానీ లాలి తీయనే లేదు. అట్లా భీమ్లాకు చావడం కుదరకుండా పోయింది.

దీని తంటా ఏమిటో దవాళి, అంటే తండా దీపావళి, వచ్చాక రూప్లికి తెలిసింది. దవాళి పొద్దున తండాలో నిప్పు రాజేసి, బెల్లం అన్నంలో నెయ్యి కలిపి అందులో వేస్తూ, చనిపోయిన పెద్దలను పాత తరం నుంచి వరసగా పిలుస్తారు. తండా పెద్ద అయిన నాయక్ ఒక్కో పేరు పిలుస్తాడు, పిల్లలు గొంతెత్తి ఆ పేరు తిరిగి అంటారు. ఆ తర్వాత ఊరుకోరు కదా పిల్లలు. ఈయన ఎవరు, ఎట్లా పోయాడు, పులి తిన్నదా, పాము కరిచిందా అని ప్రాణం తీస్తారు. ఆ పూటంతా పెద్దవాళ్లకు చెప్పడమే పని. బతికున్నవాళ్లను మాత్రం పిలవకూడదు. అందుకని నాయక్ భీమ్లా తండ్రి పేరు పిలిచి, నెయ్యి వేసి, పక్క ఇంటివాళ్ల పేర్లకు వెళ్లిపోయాడు. తర్వాత కొన్నాళ్లకు రూప్లి మామ చనిపోయాడు. అప్పుడు తాత పేరు తర్వాత మనవడి పేరు పిలిచారు. నడుమ ఒక మెట్టు ఊడిన నిచ్చెనలా ఉండేది ఆ ఇంటి వరస.

మాట పడని ఇల్లు ఉంటుందా? కుర్రాళ్లు ఆయనకు రంగూన్ తాత అని పేరు పెట్టారు. తాతకు ఆధార్ కార్డు తీయించాలని ఒకడు, పింఛను ఆగిపోయిందని కలలోకి వచ్చాడని ఇంకొకడు. ఇవి నవ్వుకునే మాటలు, పోనీలే. బర్మాలో ఇంకో ఆడదాన్ని చేసుకుని సుఖంగా ఉండి ఉంటాడు అనే మాట కూడా ఉండేది. మామకు అది చిన్నప్పటి నుంచీ కడుపులో మంట. పెళ్లాం బిడ్డను వదిలేసి పోయినవాడి కొడుకు అనిపించుకుంటూనే ఆయన కన్ను మూశాడు. రూప్లి ఆ మాట తన చెవిన పడితే మాత్రం అన్నవాడి ఏడు తరాలూ బయటికి లాగేది. అయితే ఏం లాభం, నోళ్లు మూయించినంత మాత్రాన పేరు నిప్పులో పడదు.

ఆ తర్వాత ఒక వానాకాలం రూప్‌సింగ్ పని చేసే బాయిలోకి నీళ్లు వచ్చాయి. ఆ బాయి మూతపడి చాలా ఏళ్లయింది, పేరుతో మనకు పని లేదు. కొందరు పైకి వచ్చారు, కొందరి శవాలు వచ్చాయి. రూప్‌సింగ్ మాత్రం రాలేదు. లోపల ఆ భాగం కూలిపోయింది, ఇక వెతకలేమన్నారు. ల్యాంపు రూములో అతని లైటు ఖానా ఖాళీగా ఉంది.

శవం లేని చావుకు తండాలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడితో కలిసి వెళ్లి తిరిగొచ్చిన మనిషి నాయక్ ముందు నిలబడి మూడు మాటలు చెప్పాలి. రూప్‌సింగ్‌తో దిగినవాడు వచ్చి ఏడుస్తూనే చెప్పాడు. “నాతోటి పోయిండు. నేనొచ్చిన. వాడు రాలే.” నాయక్ బద్యా సరేనన్నాడు. రూప్లి ఎవరి చేయీ పడనివ్వకుండా తన ఘుగ్రీలు తానే విప్పింది. అప్పటికి కొడుకు బాలకృష్ణకు నిండా పదేళ్లు లేవు. ఏడవడానికి కూడా తీరిక లేనట్టు ఆమె చేతులు చకచకా కదిలాయి. ఆ పక్కనే కూర్చున్న లాలి మనవడి భార్య ఒళ్లో పడిన వెండిని చాలాసేపు చూసింది.

“నువ్వు తీసినవ్ బిడ్డా. నాకు చేతగాలే,” అంది. “ఉన్నడు ఉన్నడు అనుకుంట మొగనికి ఇంత బువ్వ అందకుండ చేసిన. నా బొందిల పానం ఉండంగ నా చేతులు రావు. నేను పోయినంక నా పని నువ్వు చెయ్యి.”

ఆ దవాళికి రూప్‌సింగ్ పేరు నిప్పు ముందు పిలిచారు. బాలకృష్ణ తండ్రి పేరును ఎంత గట్టిగా అన్నాడంటే చివర గొంతు చీలిపోయింది. భర్త ఉద్యోగం కింద రూప్లికి వేరే బాయిలో పని ఇచ్చారు. ఏం పని కావాలని అడిగితే, ల్యాంపు రూము ఇయ్యిండ్రి అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొన్నేళ్లకు లాలి కూడా వెళ్లిపోయింది, ఘుగ్రీలతోనే, ముత్తయిదువలాగే.

లాలి మాట ప్రకారం రూప్లి ఆ ఏడే బద్యా దగ్గరికి వెళ్లి అడిగింది. “మూడు మాటలు చెప్పేటోడు ఎవడున్నడు?” అన్నాడు బద్యా. నిజమే, భీమ్లాతో వెళ్లొచ్చిన ఆ స్నేహితుడూ అప్పటికే పోయాడు, ఇంకెవరున్నారు? ఆమె వెనక్కి వచ్చింది. మళ్లీ కొన్నాళ్లకు అడిగింది, అదే జవాబు. ఉద్యోగం, కొడుకు చదువు, కొడుకు పెళ్లి, ఇట్లా ఏళ్లు గడిచిపోయాయి.

ఇక ఈ మధ్య సంగతికి వద్దాం. బాలకృష్ణ కూతురు సరిత ఖమ్మంలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. పోయిన దవాళికి వారం ముందే ఇంటికి వచ్చి, నానమ్మతో పాటు పత్తి ఏరడానికి చేనుకు వెళ్లింది. చేతులు పత్తి మీద ఉన్నా నోరు మాత్రం పరీక్ష మీదే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైంది, ఎవరు ఎవరి మీద పడ్డారు, ఎప్పుడు ముగిసింది, అన్నీ గడగడా అప్పజెప్పుకుంటోంది.

“ఏందే అది?” అంది రూప్లి.

“వరల్డ్ వార్ దాదీ. రెండు బిట్లు ఖాయంగ వస్తయి. ఎక్కడోళ్ల లడాయో, మనం బట్టీ కొట్టుడు.”

“ఎప్పుడు అయిపోయిందంటివి?”

“నలభై అయిదుల.”

“అయిపోయిందని ఎవరు చెప్పిండ్రు? మీ తాతకు తాత ఇంకా ఇంటికి రాకపాయె.”

సరిత చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది. “రంగూన్ తాత పోయింది గీ లడాయికా?” అంది నెమ్మదిగా. రంగూన్ తాత అంటే ఆ పిల్లకు ఇంట్లో చెప్పుకునే ఒక నవ్వులాట. ప్రపంచ యుద్ధం అంటే పుస్తకంలో ఒక పాఠం. ఆ రెండూ ఒకటేనని ఇరవై ఏళ్లు దాటినా ఎవరూ చెప్పలేదు. “గా పాఠం నేను ఎన్నిసార్లు చదివిన్నో దాదీ. మనోళ్లు అండ్ల ఉన్నరని నాకు తెల్వనే తెల్వదు.”

రూప్లికి మనవరాలి మీద కోపం రాలేదు, తన మీద తనకు వచ్చింది. పేరు పిలిస్తే కదా పిల్లలు అడుగుతారు. పిలవని పేరు గురించి ఎవరు అడుగుతారు? ఇంత నోరున్న నేను ఇన్నేళ్లు ఏం చేశాను అని ఆ రోజు ఆమె పత్తి సంచిని కట్టిన కట్టు చూస్తే, పక్క చేనువాళ్లు ఎవరితోనో తగాదా అయిందనుకున్నారు.

ఆ సాయంత్రమే ఇంకో వార్త వచ్చింది. చందర్ అని ఒక కుర్రవాడు, మణుగూరులో సెల్ ఫోన్ దుకాణం నడుపుతాడు, తండా పనులన్నింటికీ ముందుంటాడు. మంచివాడే, తొందర ఎక్కువ. పేర్లు పిలిచేసరికి పొద్దెక్కిపోతోంది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఇకమీదట ఇంటికి మూడు తరాల పేర్లే చాలు, ఈ దవాళికి పిలిచిన పేర్లే ఖాయం, కొత్తగా చనిపోయినవాళ్లు తప్ప పాతవి కలపకూడదు అన్నాడు. బద్యాకు ఎనభై దగ్గర పడ్డాయి, గొంతు లేవడం లేదు, ఈ ఏడుతో నాయక్ పని దింపుకుంటున్నాడు. ఆయనా సరేనన్నాడు. దవాళికి ముందు రోజు పొద్దున తండా కూర్చుని తీర్మానం చేస్తుంది. అంటే ఈ ఒక్కసారికి భీమ్లా పేరు పడకపోతే ఇక ఎన్నటికీ పడదు.

మర్నాడు మధ్యాహ్నం రూప్లి బద్యా ఇంటికి వెళ్లింది. ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని నులక బిగిస్తున్నాడు. ఆమె వచ్చిన పని చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది.

“గా ముచ్చట వదిలెయ్ రూప్లీ. దొరల లడాయి అది. మనదా? పిల్లలకు గవన్నీ ఎందుకు?”

“మనది కాకుంటే మనోళ్లను ఎందుకు తోలుకపోయిండ్రు నాయక్?”

ఆయన జవాబు చెప్పేలోపు దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు పేలింది. మంచం కోళ్లు కొంచెం అదిరాయి. అక్కడ రోజూ పేలేదే, కుక్క కూడా తల ఎత్తదు. బద్యా చేతిలో నులక మాత్రం ఆగిపోయింది. భీమ్లాతో వెళ్లి తిరిగొచ్చిన ఆ స్నేహితుడు ఎవరనుకున్నారు? ఈ బద్యా తండ్రే. ఆ సంగతి తండాలో పెద్దవాళ్లందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

“గిట్ల సప్పుడు ఇనబడితే మా నాయిన మంచం కిందికి దూరేటోడు,” అన్నాడు బద్యా. “ముసలోడైనంక కూడ. మేం పిల్లలం, ఆయన పక్కన మేం గూడ దూరేటోళ్లం. ఏమైందో తెల్వది, ఎవరిని జూసి భయపడాల్నో తెల్వది. ఒక్క ముచ్చట చెప్పకపోయేది. గా భయం మాతోనే పోనీ. మా మనవలకు ఎందుకు అంటియ్యాలె?”

రూప్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. “తెలిసి భయపడలే నాయక్ మీరు, తెల్వక భయపడిండ్రు,” అంది. “తెలిస్తే గా మంచం కింద మీ నాయిన చెయ్యన్న పట్టుకునేటోళ్లు.”

బద్యా మళ్లీ నులక అందుకున్నాడు.

“మీ నాయిన నీకు ఏం చెప్పకుండనే పోయిండా?” అని అడిగింది.

“పో రూప్లీ. పండుగ పనులు చూసుకో,” అన్నాడు. లేదని మాత్రం అనలేదు. రూప్లి ఆ లేదనకపోవడాన్ని జాగ్రత్తగా పట్టుకుని ఇంటికి వచ్చింది.

తీర్మానం రోజున తండా అంతా సేవాలాల్ గుడి ముందు కూర్చుంది. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. ఆడవాళ్లు మాట్లాడకూడదని కట్టుబాటు ఏమీ లేదు గానీ అలవాటు లేదు. చందర్ లేచి తన మాట చెప్పాడు. సెల్ ఫోన్ అమ్మేవాడు కదా, బాగానే చెప్పాడు. వెనక నుంచి రూప్లి లేచింది. కొందరు కుర్రాళ్లు అప్పుడే మోచేతులతో పొడుచుకోవడం మొదలుపెట్టారు.

“మా ఇంటి వరసల ఒక పేరు తక్కువున్నది. గది కలిపినంకనే తీర్మానం జెయ్యిండ్రి.”

“పెద్దమ్మా, రంగూన్ తాత ముచ్చటనా?” అన్నాడు చందర్. నవ్వులు లేచాయి. “ఎనబై ఏండ్ల కిందటి లడాయి పెద్దమ్మా. గిప్పటి పిల్లలకు గది తెలిస్తే ఏమొస్తది, తెల్వకపోతే ఏం పోతది?”

రూప్లి ముందుకు నడిచి వచ్చింది. అక్కడ కూర్చున్న మగవాళ్లలో సగంమంది ఆమె కిటికీ దగ్గర లైటు తీసుకుని దిగినవాళ్లే. వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది.

“మీరందరు నా చేతుల నుంచి లైటు తీసుకొని దిగినోళ్లే. ఒక్కడు రాకున్నా నేను తలుపు మూసిన్నా? ఒక్కనాడన్న మూసిన్నా? చెప్పుండ్రి.”

“లేదు,” అన్నాడు ఒక ముసలి కార్మికుడు. ఇంకెవరో అవ్ అవ్ అన్నారు.

“పోయినోడు ఎవడైతేంది, ఎవని పని మీద పోతేంది. దొర పంపిండా, మేనేజరు పంపిండా నాకు పని లేదు. మనోడు పోయిండు. రాలే. రానోని గురించి అడుగుడు పైనున్నోళ్ల పని. ఏమొస్తది అంటున్నవ్ చందర్, ఇను. ఎవడో ఒక మేస్త్రి వచ్చి తిండి పెడత, కంబళి ఇస్త అంటే నీ ఈడున్న భీమ్లా దాదా అడగకుండ పోయిండు. ఎవరి లడాయి, ఎందుకు, మల్ల ఎవరు తోలుకొస్తరు అని ఒక్కడు అడగలే. రేపు ఇంకోడు వస్తడు, గీ పిల్లల కాడికే వస్తడు. గప్పుడు గీళ్లు అడగాలె. అడగాల్నంటే తెల్వాలె గద.”

ఎవరూ నవ్వలేదు. చందర్ కూడా కూర్చున్నాడు. కానీ అడగాల్సినది ఒకటి మిగిలే ఉంది, అతను అడిగాడు. “లాలి దాదీ ఘుగ్రీలు తియ్యలే గద పెద్దమ్మా. మల్ల మూడు మాటలు చెప్పేటోడు ఎవడు?”

“ఘుగ్రీల సంగతి నాకు అప్పజెప్పి పోయింది. నా చేతుల తోటి నావి తీసిన, ఆమె పేరు మీద గూడ తీసిన అనుకోండ్రి,” అంది రూప్లి. తర్వాత నాయక్ వైపు తిరిగింది. “మీ నాయిన తిరిగొచ్చి లైటు ఇచ్చిండు నాయక్. భీమ్లా దాదా ఇయ్యలే. ఆయన డ్యూటీ ఎనబై ఏండ్ల సంది నడుస్తనే ఉంది. ఆయనను ఇంటికి పంపుడు నీ చేతులనే ఉంది.”

బద్యా లేవబోయాడు. పక్కన కూర్చున్న కొడుకు లేపబోతే వద్దని, చేతికర్ర ఆసరాతో తానే లేచాడు. తీర్పు చెప్పేటప్పుడు నాయక్ కూర్చునే చెబుతాడు. మూడు మాటలు చెప్పేవాడే నిలబడతాడు. అది చూడగానే పెద్దవాళ్లంతా తలపాగాలు సర్దుకున్నారు.

“మా నాయిన చచ్చిపోయే ముందు నాకు చెప్పిండు,” అన్నాడు. “ఎవ్వరికీ చెప్పకన్నడు. ఆళ్లిద్దరూ ఒక్క కంబళి కప్పుకొని పండుకునేటోళ్లంట. గా పొద్దు నాయినకు జ్వరం. నాయిన పోవాల్సిన పనికి భీమ్లా పోయిండు. ఇగ రాలే. ఆయన పోయిందానికే నాయిన వచ్చిండు. నాయిన వచ్చిందానికే నేను పుట్టిన.” ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. లేవని ఆ గొంతు ఆ పూట ఎట్లా లేచిందో గానీ, గుడి అవతల ఆడుకుంటున్న పిల్లలకు కూడా వినిపించింది. “నాయిన మాట నేను చెప్తున్న. నాతోటి పోయిండు. నేనొచ్చిన. భీమ్లా రాలే.”

వెనక ఆడవాళ్లలో ఎవరో ఏడుపు అందుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత భీమ్లా కోసం తండా ఏడ్చింది. లాలి కోసం కూడా ఏడ్చింది. పారిపోయినవాడి కొడుకు అనిపించుకుంటూనే పోయిన తన తాత కోసం బాలకృష్ణ తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రూప్లికి ఏడుపు రాలేదు. చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని, బండెడు బరువు దింపినదానిలా నిలబడింది.

మూడు తరాల తీర్మానాన్ని ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఎత్తాల్సినవాడు చందరే, అతను అప్పటికే సరిత పక్కన చేరి ఆ బర్మా దారి ఎటు నుంచి ఎటు పోయిందో అడుగుతున్నాడు.

దవాళి పొద్దున నిప్పు రాజేశారు. తండా పిల్లలంతా ముందు వరసలోకి తోసుకొచ్చారు. రాత్రికి రాత్రే వార్త పాకిపోయింది, రంగూన్ తాతను పిలుస్తారట అని. అయితే ఆ పేరు ఇక ఎవరూ వాడకూడదని సరిత వాళ్లకు ముందే గట్టిగా చెప్పింది. బద్యా బెల్లం అన్నం దోసిట్లోకి తీసుకున్నాడు. భీమ్లా తండ్రి పేరు పిలిచాడు, పిల్లలు అన్నారు. ఎప్పుడూ దాటేసే చోట ఈసారి ఆగాడు. నెయ్యి గిన్నెను రూప్లికి అందించాడు. కోడలు నెయ్యి వేయడం అంతకుముందు ఎవరూ చూడలేదు, అయినా వద్దని ఒక్కరూ అనలేదు.

“భీమ్లా,” అని పిలిచాడు నాయక్.

“భీమ్లా,” అన్నారు పిల్లలు, గుట్ట అవతలి తండాకు వినపడేట్టు.

నెయ్యి పడి మంట మనిషెత్తు లేచింది. ఆ వెంటనే బాలకృష్ణ తాత పేరు, ఆ తర్వాత రూప్‌సింగ్ పేరు పడ్డాయి. వరసలో ఎక్కడా ఖాళీ లేదు. పిలుపు ముగిసిందో లేదో ఒక చిన్నది రూప్లి కొంగు పట్టుకుని లాగింది.

“దాదీ, గీ భీమ్లా ఎవరు? ఎట్ల పోయిండు?”

రూప్లి ఆ పిల్లను చంకనెత్తుకుంది. “చెప్త. మొత్తం చెప్త. ఒక్క నిమిషం ఆగు,” అంది. అని మంట వైపు తిరిగి, కిటికీ అవతల నిలబడ్డ మనిషితో అన్నట్టుగానే అంది.

“ముట్టింది దాదా. పో ఇంటికి.”